మందు దొరికే చోటు తెలుసు, మానేసే చోటు తెలుసా?



ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లలో ఎవరినైనా ఆపి, గోంగూర ఎక్కడ దొరుకుతుందని అడగండి, చెప్తారు. ఊరికి డబ్బు పంపడానికి ఇవాళ ఏ ఎక్స్‌చేంజ్‌లో రేటు బాగుందో చెప్తారు. బతాకా రెన్యువల్‌కు ఏ కాగితాలు కావాలో చెప్తారు. మీరు నమ్మకస్తులని తేలితే, బ్లాకులో సీసా ఎవరు తెచ్చిస్తారో కూడా చెవిలో చెప్తారు. కానీ "అన్నా, నాకు తాగుడు మానాలని ఉంది, ఎక్కడికి పోవాలె?" అని అడిగి చూడండి. నవ్వేవాడు నవ్వుతాడు. "మనసు గట్టిగ పెట్టుకో తమ్మీ" అని సలహా ఇచ్చేవాడు ఇస్తాడు. "మెల్లగ మాట్లాడు, కంపెనీకి తెలిస్తే ఊరికి పంపేస్తరు" అని భయపెట్టేవాడు భయపెడతాడు. అడ్రసు చెప్పేవాడు మాత్రం దొరకడు.

రాజకీయాలు రాసుకునే చోట ఈ తాగుడు గొడవ ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. ఇది కూడా రాజకీయమే. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. గల్ఫ్ సంఘాలు ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన హక్కు అది. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ శవపేటిక శంషాబాద్‌లో దిగిన తర్వాత మొదలయ్యే సాయం ఒకటి, మనిషి ఇంకా మన పక్క మంచం మీద బతికి ఉండగా చేయవలసిన సాయం ఇంకొకటి. మొదటిదానికి మనం వినతిపత్రాలు ఇచ్చాం, ధర్నాలు చేశాం. రెండోదానికి ఏం చేశాం? ఆలోచించండి.

ఇక్కడ మందే దొరకదు కదా?

ఊళ్లో ఉన్నవాళ్లు అనుకునే మాట ఇది. "అరబ్ దేశం, మందు బంద్, మావోడు బాగుపడతడు" అని కొడుకును విమానం ఎక్కించే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. నిజం ఏమిటంటే ఖతర్‌లో మద్యం పూర్తిగా నిషేధం కాదు, కట్టుదిట్టం మాత్రమే. ముస్లిమేతర నివాసులు ఖతర్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ నుంచి పర్మిట్ మీద కొనుక్కోవచ్చు. దానికి కంపెనీ ఇచ్చిన ఉత్తరం, ఒక స్థాయికి మించిన జీతం ఉండాలి. 2019 జనవరి నుంచి మద్యం మీద 100 శాతం ఎక్సైజ్ పన్ను కూడా ఉంది. అంటే పర్మిట్ ఇంజనీరుకూ మేనేజరుకూ వస్తుంది. 2021 నుంచి అమల్లోకి వచ్చిన కనీస వేతనం 1000 రియాళ్ల మీద బతికే మేస్త్రీకి, క్లీనర్‌కు, డ్రైవర్‌కు రాదు.

మరి ఆ మేస్త్రీ తాగడం మానేశాడా? లేదు. బ్లాకులో కొంటాడు, జీతంలో సగం దానికే పోతుంది. అది కూడా అందకపోతే క్యాంపుల్లో దొంగచాటుగా కాచినది తాగుతాడు, ఇంకా దిగజారితే కొలోన్ తాగుతాడు. 2025 ఆగస్టులో పక్కనున్న కువైట్‌లో ఏం జరిగిందో మనందరం చూశాం. మిథనాల్ కలిసిన నాటుసారా తాగి 23 మంది చనిపోయారని, 160 కేసులు వచ్చాయని అక్కడి ఆరోగ్య శాఖే ప్రకటించింది. బాధితులంతా ఆసియా దేశాలవాళ్లే. కొందరికి చూపు పోయింది. కువైట్‌లో మద్యం పూర్తిగా నిషేధం. నిషేధం ఉన్న చోటే అంతమంది చచ్చిపోయారంటే, తాగకుండా ఉండలేని మనిషికి దుకాణం మూసినంత మాత్రాన రోగం నయం కాదని అర్థం కావడం లేదా?

ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఇది "లేబర్ క్యాంపు సమస్య" అని అనుకునే మాలాంటి చదువుకున్నవాళ్లు తమను తాము మోసం చేసుకుంటున్నారు. పర్మిట్ ఉన్న ఇంట్లో, ఏసీ గదిలో, లాప్‌టాప్ వెనక కూచుని రోజూ తాగే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు వచ్చే జబ్బూ అదే, క్యాంపులో కొలోన్ తాగేవాడి జబ్బూ అదే. తేడా ఒక్కటే, మొదటివాడికి దాచుకోవడానికి తలుపులు ఎక్కువ. అతని సంగతి భార్యకు తెలుసు, పిల్లలకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు.

దూబగుంట నేర్పినది, నేర్పనిది

తాగుడు మీద పోరాటం మన జాతికి కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఖజానా గెలిచింది, ఆడవాళ్లు ఓడిపోయారు.

ఆ ఉద్యమాన్ని ఎంత గౌరవించినా తక్కువే. కానీ దాన్నుంచి మనం నేర్చుకోవలసినది ఇంకొకటి మిగిలిపోయింది. దుకాణం మూయించడానికి ఒక ఊరు కదిలింది, బాగానే ఉంది. ఆ దుకాణంలో 20 ఏళ్లు తాగి ఒళ్లు పాడైన మనిషి మరునాడు పొద్దున ఎక్కడికి పోవాలి? చేతులు వణుకుతుంటే ఎవరి దగ్గర కూచోవాలి? దానికి ప్రభుత్వమూ జవాబు చెప్పలేదు, ఊరూ చెప్పలేదు. ఆ ఖాళీ ఇప్పటికీ అట్లాగే ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో బయటికి వచ్చింది. దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందిందని అందులో తేలింది. మిగతా 37 మంది ఎక్కడున్నారు? కొందరు మన ఊళ్లలో ఉన్నారు, కొందరు మన రూముల్లో ఉన్నారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతున్నారు. దేశంలోనే ఇది చాలా పెద్ద శాతం. గల్ఫ్‌కు మనుషులను పంపే నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలు కూడా ఈ లెక్కలోవే. ఆ అలవాటును వెంటబెట్టుకుని వచ్చినవాడు దోహా ఎయిర్‌పోర్టులో దిగిన రోజునే ఒక్కసారిగా ఆపవలసి వస్తుంది. ఇక్కడే అసలు ప్రమాదం మొదలవుతుంది.

ముందు ప్రాణం, తర్వాత మీటింగు

ఈ భాగం దయచేసి అందరూ చదవండి, చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎక్కడున్నారో తెలియదు. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స చేయకపోతే ప్రాణం పోతుంది. రూములో పక్కనున్నవాళ్లు గాలి సోకిందనో, ఇంటి మీద బెంగ అనో అనుకుని పడుకోబెడతారు. అది తప్పు. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా 999కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవాలి.

కల్తీ కల్లు అలవాటున్న వాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. దానిలో క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, ఆల్ప్రజోలం కలుపుతారని అందరికీ తెలిసిన సంగతే. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. ఊళ్లో అన్ని వందలమందికి అయినది, ఇక్కడ రూములో ఒంటరిగా ఒక మనిషికి అయితే ఎవరు గుర్తిస్తారు?

ఇంటి నుంచి మాత్రలు తెప్పించుకునే పని అసలు చేయకండి. ఆల్ప్రజోలం, డయజెపామ్, ట్రమడాల్ లాంటివి ఖతర్‌లో నియంత్రణలో ఉన్న మందులు. సరైన కాగితాలు లేకుండా బ్యాగులో దొరికితే మత్తుమందుల కేసు అవుతుంది. "మా తమ్మునికి ఇయ్యి అన్నా" అని ఎవరో ఇచ్చిన పొట్లం తెచ్చి జైలుకు పోయినవాళ్ల కథలు మనకు కొత్త కావు.

ఊళ్లో ఉన్న అక్కాచెల్లెళ్లకు కూడా ఒక మాట. "తాగుబోతుకు తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి, నెలలో మానేస్తాడు" అనే పొడుల ప్రకటనలు గోడల మీద చూస్తుంటాం. అట్లాంటి వాటిలో డైసల్ఫిరామ్ ఉండవచ్చు. అది డాక్టరు పర్యవేక్షణలో, తాగే మనిషికి తెలిసి వాడవలసిన మందు. తెలియక దాని మీద మద్యం తాగితే బీపీ పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. సెలవు మీద వచ్చిన భర్తకు ప్రేమతోనే కలిపి పెడతారు, కానీ అది ప్రాణం తీయవచ్చు.

మీటింగు అంటే ఏమిటి?

మనకు మీటింగు అంటే బ్యానరు, మైకు, ముఖ్య అతిథి, శాలువా, గ్రూప్ ఫొటో. ఇది అటువంటి మీటింగు కాదు.

1935లో అమెరికాలోని అక్రాన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారంలో పనిచేసిన మనిషి, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుబోతులే. ఒకరి కథ ఒకరికి చెప్పుకుంటూ ఉంటే, చెప్పుకున్న ఆ రోజు తాగకుండా ఉండగలుగుతున్నామని గమనించారు. అట్లా పుట్టింది ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు. భారతదేశంలో 1957 నుంచి ఉంది. హైదరాబాద్‌లో కూడా గ్రూపులు ఉన్నాయి. ఇవాళ సుమారు 180 దేశాల్లో ఉంది.

మీటింగు సాధారణంగా గంటసేపు. పది, పదిహేను మంది కుర్చీలు వేసుకుని కూచుంటారు. ఒకరు చదువుతారు, తర్వాత ఒక్కొక్కరు తమ సంగతి చెప్తారు. పక్కవాడు మధ్యలో అడ్డురాడు, తీర్పు చెప్పడు. ఇంటిపేరు చెప్పనక్కర లేదు, కంపెనీ పేరు చెప్పనక్కర లేదు. మొదటి రోజు నోరు విప్పకుండా వినిపోయినా ఎవరూ ఏమనరు. ఫీజు లేదు. చివర్లో డబ్బా తిప్పుతారు, వేయాలనుకుంటే వేయవచ్చు, లేకపోతే లేదు. సభ్యుడు కావడానికి ఒకటే అర్హత, తాగుడు మానాలనే కోరిక. వాళ్ల పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది, కానీ ఎవరికి తోచిన దేవుణ్ణి వాళ్లు అనుకోవచ్చు. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు, నాస్తికుడు ఒకే గదిలో కూచుంటారు. ఆ దేవుడి మాటే నచ్చనివాళ్లకు స్మార్ట్ రికవరీ అనే ఇంకో పద్ధతి ఉంది, అదీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

"కూచుని మాట్లాడుకుంటే తాగుడు పోతుందా?" అని మా ఇంజనీరు మిత్రులు అడుగుతారు. అడగవలసిందే. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను కలిపి పరిశీలించింది. ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్సలు, పూర్తిగా మానేసి ఉండటంలో ఇతర పేరున్న చికిత్సల కంటే మెరుగైన ఫలితం ఇస్తున్నాయని తేల్చింది. అందరికీ పనిచేస్తుందని ఎవరూ అనడం లేదు. ప్రపంచంలో అందరికీ పనిచేసే మందు ఏ జబ్బుకూ లేదు. కానీ డబ్బు ఖర్చు లేకుండా, వారంలో ఎన్ని రోజులైనా, జీవితాంతం పోగలిగిన చోటు ఇంకెక్కడ ఉంది?

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ నుంచి దారి

ఒక మనిషిని ఊహించుకోండి. వయసు 34. పాత విల్లాను గదులుగా విడగొట్టిన ఇంట్లో ఐదుగురితో కలిసి ఉంటాడు. శుక్రవారం సెలవు. ఇంగ్లీషు అంతంతమాత్రం. మానాలని ఉంది. అతను ఏం చేయాలి?

1. రోజూ తాగే మనిషైతే ముందు డాక్టరును కలవాలి. 16000 నంబరుకు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సహాయ విభాగానికి కలుపుతారు. దోహాలో వ్యసన చికిత్సకు ప్రత్యేకంగా నౌఫర్ అనే కేంద్రం కూడా ఉంది. ఖర్చు ఎంత, హెల్త్ కార్డు పనిచేస్తుందా అని ఫోన్‌లోనే ముందు అడిగి తెలుసుకోవాలి.

2. ఏఏ మీటింగుల స్థలాలు, సమయాలు మారుతూ ఉంటాయి. ఎవరో రెండేళ్ల కింద చెప్పిన అడ్రసుకు పోయి, తలుపు మూసి ఉంటే "ఇంక నా రాత ఇంతే" అని తిరిగి రావద్దు. గల్ఫ్ దేశాల ఏఏ గ్రూపుల జాబితా ఇంటర్నెట్‌లో ఉంటుంది. మీటింగ్ గైడ్ అనే ఉచిత యాప్ ఉంది. ముందు మెసేజ్ పెట్టి, ఈ వారం ఉందని రూఢి చేసుకుని బయల్దేరాలి.

3. మీటింగుల్లో "ఓపెన్", "క్లోజ్డ్" అని రెండు రకాలు. ఓపెన్ మీటింగుకు తోడు ఎవరినైనా తీసుకుపోవచ్చు. క్లోజ్డ్ మీటింగు మానాలనుకునేవాళ్లకు మాత్రమే. భాష రానివాడు మొదటిసారి ఓపెన్ మీటింగుకు ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకుపోవడం మంచిది. మెట్రోలో ఒక వైపుకు 2 రియాళ్లు. ఒక్క సిగరెట్ ప్యాకెట్ ఖర్చు కూడా కాదు.

4. పోలేని వాళ్లకు ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి. ఏఏ ఆన్‌లైన్ ఇంటర్‌గ్రూప్ జాబితాలో రోజుకు ఇరవై నాలుగు గంటలూ ఏదో ఒక దేశంలో మీటింగు నడుస్తూనే ఉంటుంది. భారతదేశపు ఏఏ వెబ్‌సైటులో మన రాష్ట్రాల గ్రూపుల సమాచారం చూడవచ్చు. ఇండియాలో రాత్రి 9.30 అంటే మనకు ఇక్కడ 7 గంటలు, డ్యూటీ దిగి స్నానం చేసి కూచునే సమయం. రూములో నలుగురు ఉంటే ఇయర్‌ఫోన్ పెట్టుకుని కార్నిష్ మీద నడుస్తూ వినండి.

5. ఇంటి దగ్గర ఉన్న భార్యకు, తల్లికి కూడా దారి ఉంది. టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు, 24 గంటలూ ఉచితం. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ మీటింగులు వేరే ఉన్నాయి. తాగే మనిషి మానినా మానకపోయినా, ఆ ఇంటి ఆడమనిషి బతుకు నిలబడాలి కదా.

6. చట్టం విషయం సూటిగా తెలుసుకోండి. బహిరంగ స్థలంలో తాగినా, తాగి దొరికినా 2004 శిక్షాస్మృతి ప్రకారం 6 నెలల వరకు జైలు, 3000 రియాళ్ల వరకు జరిమానా ఉండవచ్చు, దేశం నుంచి పంపివేయవచ్చు. కాబట్టి తాగి రోడ్డు మీదికి రావద్దు, మీటింగుకు తాగి పోవద్దు. కానీ తాగుడు మానాలని డాక్టరు దగ్గరకు పోవడం నేరం కాదు. మానాలనుకునేవాళ్ల మధ్య కూచోవడం నేరం కాదు. ఈ రెండింటికీ తేడా తెలియకనే మన తమ్ముళ్లు భయపడి గదిలో కుళ్లిపోతున్నారు.

సంఘాలు చేయవలసినది, చేయకూడనిది

ఇక మన బాధ్యత. మనకు అలవాటైన పద్ధతి ఒకటుంది. సమస్య కనపడగానే కమిటీ వేస్తాం, కమిటీకి అధ్యక్షుణ్ణి పెడతాం, ఇంకో నెలకు ఆ అధ్యక్షుడితో పడక రెండో కమిటీ పుడుతుంది. ఈ ఒక్క విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. ఏఏ సంప్రదాయాల ప్రకారం బయటి సంస్థ ఏదీ గ్రూపును నడపకూడదు, బయటి డబ్బు తీసుకోకూడదు, పేర్లు బయటపెట్టకూడదు. పైగా ఖతర్‌లో కొత్త సంఘం పెట్టాలన్నా బహిరంగ సభ జరపాలన్నా అనుమతులు కావాలి. కాబట్టి "తెలుగు మద్యవిముక్తి సమితి" అని బోర్డు పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టిన మరుక్షణం ఆ గదికి ఇంకెవడూ రాడు. మనవాళ్లను చంపేది సగం మద్యం, సగం పరువు.

మరి చేయగలిగినది ఏమిటి?

తెలుగు సంఘాలు తాము పంచే క్యాలెండర్లలో, సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ కార్యక్రమాల కరపత్రాల్లో నాలుగు లైన్లు అచ్చు వేయాలి: 999, 16000, ఏఏ జాబితా దొరికే చోటు, ఇంటి దగ్గరి వాళ్లకు 14416. పేరు అక్కర లేదు, ఉపన్యాసం అక్కర లేదు. ఆ కాగితం గోడకు ఉంటే అర్ధరాత్రి అవసరమైనవాడు చూసుకుంటాడు.

కారున్నవాళ్లు శుక్రవారం ఒక్కసారి సనాయియా నుంచి ఒక మనిషిని మీటింగుకు తీసుకుపోయి దింపాలి. ఎందుకు పోతున్నాడని నలుగురికి చెప్పకూడదు.

మానేసి ఏళ్లు గడిచిన తెలుగువాళ్లు గల్ఫ్‌లో ఎంతోమంది ఉన్నారు. మీరు బయటపడి ప్రసంగాలు చేయనక్కర లేదు. ఇద్దరు మనుషులు కలిసి కూచుంటే అదే మీటింగు అని ఏఏ వాళ్లే అంటారు. తెలుగులో ఒక ఆన్‌లైన్ మీటింగు, శుక్రవారం సాయంత్రం, గల్ఫ్ సమయానికి క్రమం తప్పకుండా నడిపితే ఎన్ని ఇళ్లు నిలబడతాయో లెక్క వేయండి. తాగినప్పుడు పడ్డ సిగ్గును తెలుగులో చెప్పుకోగలగడం వేరు, రాని ఇంగ్లీషులో వెతుక్కోవడం వేరు.

ప్రభుత్వాలను అడగవలసినవి కూడా ఉన్నాయి. విదేశాంగ శాఖ ఇచ్చే ప్రయాణానికి ముందు శిక్షణలో వీసా, కాంట్రాక్టు గురించి చెప్తున్నట్టే, తాగుడు ఒక్కసారిగా ఆపితే వచ్చే ప్రమాదం గురించి, కల్తీ కల్లు గురించి తెలుగులో ఒక అరగంట చెప్పాలి. అలవాటు ఉన్నవాడికి విమానం ఎక్కకముందే జిల్లా ఆసుపత్రిలో చికిత్స ఇప్పించాలి. రాయబార కార్యాలయం ఆధ్వర్యంలో నడిచే ఐసీబీఎఫ్ లాంటి సంస్థలు చట్టం, వైద్యం సాయం చేస్తున్నట్టే, ఈ విషయంలో గుట్టుగా మాట్లాడటానికి తెలుగు వచ్చిన ఒక వలంటీరును పెట్టాలి. ఎక్స్‌గ్రేషియా సాధించుకున్న మనం ఇది సాధించుకోలేమా?

చివరగా, మనలో మనం మార్చుకోవలసినది. సెలవు మీద ఊరికి పోయినవాడు డ్యూటీఫ్రీ సీసా తేకపోతే వాణ్ణి మనిషిగా చూడని మన దావత్‌ల సంగతేమిటి? మానేసి ఆరు నెలలైన వాడి ముందు గ్లాసు పెట్టి "ఒక్క పెగ్గుకు ఏమైతదిరా" అనే స్నేహం స్నేహమేనా? వాడికి ఆ ఒక్క పెగ్గుకే అన్నీ అవుతాయి. ఆ చేతిలో గ్లాసుకు బదులు చాయ్ పెట్టండి, చాలు.

మీ రూములో ఎవరైనా "మానాలని ఉంది" అని ఒక్కసారి నోరు తెరిస్తే, నవ్వకండి, నీతులు చెప్పకండి. ఆ మాట అనడానికి వాడికి ఎన్ని రాత్రులు పట్టిందో మనకు తెలియదు. "ఎప్పుడు పోదాం అన్నా? నేనూ వస్త పా" అనండి. ఈ శుక్రవారమే పోండి.

ఈ ఉత్తరాన్ని ప్రింట్ తీసి మీ బిల్డింగులో, మీ క్యాంపులో, మీ మెస్సులో గోడకు అంటించండి. పేర్లు అడగకండి, అంటించి రండి.

సంపాదకవర్గం, దోహా